ఆక్వామెరైనా, నీలి టోపాజా? ఒడిశా సరిహద్దు జిల్లాల్లో లేత నీలి రాయి కొనేవారికి

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో బంగారం కొట్టుకి వెళ్ళి ఆక్వామెరైన్ చూపించమంటే, గుమాస్తా మడత కాగితం పొట్లం విప్పి నాలుగు లేత నీలి రాళ్ళు తెల్లగుడ్డ మీద దొర్లిస్తాడు. నాలుగూ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. వాటిలో ఒకటి నిజంగానే ఆక్వామెరైన్ కావచ్చు. ఒకటి కిరణాలతో రంగు తెప్పించిన టోపాజ్, ఒకటి ఫ్యాక్టరీలో తయారైన స్పినెల్, ఇంకొకటి ఉత్త గాజు కావచ్చు. ధరల్లో మాత్రం వాటికి పొంతనే ఉండదు. ఈ నాలుగింటిలో చెడ్డదంటూ ఏదీ లేదు, గాజుతో సహా. గాజుని గాజు ధరకి, టోపాజ్‌ని టోపాజ్ పేరుతో అమ్మితే ఎవరికీ నష్టం లేదు. పేరు మార్చి అమ్మినప్పుడే మోసం. అందుకని మీ అవసరానికి ఏ రాయి సరిపోతుందో ముందు తేల్చుకోవాలి, ఆ తరువాత చేతికొచ్చింది ఆ రాయేనా అని చూసుకోవాలి.

పేరులోనే ఉన్న చిక్కు

ఆక్వామెరైన్ అంటే బెరిల్ అనే ఖనిజంలో లేత నీలి రకం. మన పచ్చ, అంటే మరకతం, కూడా బెరిలే. అందులో క్రోమియమో వెనేడియమో కలిస్తే పచ్చ అవుతుంది, ఇనుము కలిస్తే ఆక్వామెరైన్ అవుతుంది. లాటిన్‌లో ఆ మాటకి సముద్రపు నీరు అని అర్థం. హిందీ వ్యాపారులు బెరూజ్ అంటారు.

తెలుగులో నీలం అంటే వేరే రాయి. అది శనికి చెప్పిన రత్నం, సఫైర్ అనేది దాన్నే. దాని ఖనిజం కురువిందం, కాఠిన్యం (1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో) 9. ఆక్వామెరైన్‌ని ఎవరైనా సముద్ర నీలమనో లేత నీలమనో పిలిస్తే రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. నీలం తమకి పడదని భయపడేవాళ్ళు ఈ రాయిని ముట్టుకోవడానికే జంకుతారు. నీలమే కావాలనుకున్నవాళ్ళు చవగ్గా దొరికిందని సంబరపడి దీన్ని కొనుక్కుంటారు. రంగు దగ్గర కావచ్చు గాని రాళ్ళు రెండూ వేరు. బిల్లు మీద "నీలం" అని రాస్తే ఒప్పుకోకండి.

మాణిక్యం, ముత్యం, పగడం, మరకతం, పుష్యరాగం, వజ్రం, నీలం, గోమేధికం, వైడూర్యం: నవరత్నాలు ఇవీ. ఆక్వామెరైన్ వీటిలో లేదు. ఉపరత్నమని చెప్పేవాళ్ళలో కూడా పచ్చ కుటుంబమని బుధుడికి ముడిపెట్టేవారు కొందరు, నీలి రంగని శనికి ముడిపెట్టేవారు కొందరు. జాతకం కోసం తీసుకునేవారు తమ సిద్ధాంతిగారిని నేరుగా అడగాలి: ఏ గ్రహానికి, ఏ రాయికి బదులుగా, ఎంత బరువు? ఆ మూడింటికీ జవాబు చెప్పకుండా "నీలిరాయి ఏదైనా పరవాలేదు" అంటే, ఆ మాట మీద వేలకి వేలు పోయడం మంచిది కాదు.

వైడూర్యం మాటకీ ఈ రాయికీ మాత్రం దూరపు చుట్టరికం ఉంది. ఈ రోజు మనం వైడూర్యమంటే పిల్లికన్ను రాయి. కానీ బెరిల్ అనే మాట గ్రీకు బేరుల్లోస్ నుంచి వచ్చింది, ఆ గ్రీకు మాట ప్రాకృతంలోని వేళురియ నుంచి వెళ్ళింది, సంస్కృతంలో అదే వైడూర్యం. రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే బెరిల్ భారతదేశం దాటి అరుదుగా దొరుకుతుందనీ, సముద్రపు పచ్చదనాన్ని పోలినవే మేలైనవనీ రాశాడు. తమిళనాడులో కోయంబత్తూరు వైపున్న పడియూరు ఆ పాత గనులకి పేరుపడ్డ చోటు. కాబట్టి ఇది పరాయి రాయేమీ కాదు. తెలుగువాళ్ళ ఆభరణాల్లో దీనికి పాత స్థానం లేదు, అంతే.

గుర్తుగా ఇచ్చిపుచ్చుకునే ఆచారం మాత్రం పడమటి దేశాలది. అమెరికా నగల వ్యాపారుల సంఘం 1912లో ఖరారు చేసిన జన్మమాస రాళ్ళ జాబితాలో ఇది మార్చి నెలకి వచ్చింది. పందొమ్మిదో పెళ్ళిరోజుకీ ఇదే చెబుతారు. సముద్రయానంలో కాపాడుతుందని నావికులు దగ్గర పెట్టుకునేవారట. ప్రశాంతత, ధైర్యం, మాటలో తేటదనం అనే అర్థాలు ఆ నమ్మకం నుంచి పెరిగినవే. మార్చిలో పుట్టిన ఆడపిల్లకో, పెళ్ళి కుదిరిన తమ్ముడికో ఈ అర్థం చెప్పి ఇస్తే బాగుంటుంది. రోగం తగ్గుతుందని ఎవరైనా అమ్మితే మాత్రం ఆ మాటకి డబ్బు కట్టకండి.

అసలు పోటీ టోపాజ్‌తో

లేత నీలి రాళ్ళలో ఎక్కువగా దొరికేది నీలి టోపాజ్. స్కై, స్విస్, లండన్ అని మూడు రంగుల పేర్లతో వస్తుంది. లేతది స్కై, నిండైనది స్విస్, మసక ముదురు లండన్. ప్రకృతిలో నీలి టోపాజ్ అరుదు, దొరికినా చాలా లేతగా ఉంటుంది. మార్కెట్లో ఉన్నదంతా దాదాపు రంగులేని టోపాజ్‌కి కిరణాలు తగిలించి, తరువాత వేడిచేసి నీలిగా మార్చినదే. ఆ రంగు మామూలు వాడకంలో నిలుస్తుంది. పెట్టుకోవడానికి భయమేమీ లేదు.

ఆక్వామెరైన్‌లో కూడా వేడిచేసినదే ఎక్కువ. గని నుంచి వచ్చినప్పుడు చాలా రాళ్ళు ఆకుపచ్చ కలిసిన నీలంగా ఉంటాయి. 400 నుంచి 450 డిగ్రీల దాకా వేడిచేస్తే పసుపు ఛాయ పోయి నీలి మిగులుతుంది. ఆ మార్పు శాశ్వతం. తక్కువ వేడి కాబట్టి రాయి లోపల జాడ మిగలదు, ల్యాబులు కూడా సాధారణంగా తేల్చి చెప్పలేవు. అందుకే "ఇది వేడి తగలని రాయి" అని ధర పెంచితే ఒప్పుకోకండి. పచ్చ కలిసిన సముద్రపు ఛాయే మీకు నచ్చితే అదే అడగండి, అది తరచు కాస్త తక్కువకే వస్తుంది. పొద్దున్నే గోపాల్‌పుర్ ఒడ్డున తేటబడిన నీళ్ళ రంగుకి దగ్గరగా ఉండేది కూడా అదే.

గట్టిదనంలో టోపాజ్ 8, ఆక్వామెరైన్ 7.5 నుంచి 8. అంకె చూస్తే టోపాజ్‌దే పైచేయి. కాని వేలికి పెట్టుకునేవాళ్ళకి అంకె ఒక్కటే సరిపోదు. టోపాజ్‌కి ఒక దిశలో చీలే గుణం ఉంది. ఆ దిశలో దెబ్బ తగిలితే, కొబ్బరి చిప్ప విడిపోయినట్టు, నున్నగా రెండు ముక్కలవుతుంది. వంటింటి గ్రానైట్ గట్టుకో, స్కూటర్ హ్యాండిల్‌కో, బావి గట్టుకో ఉంగరం తగలడం రోజూ జరిగేదే. బెరిల్‌కి అంత తేలికైన చీలిక లేదు. అందువల్ల రోజూ పెట్టుకునే ఉంగరానికి మా ఓటు ఆక్వామెరైన్‌కే. చెవిదిద్దులకీ లాకెట్‌కీ టోపాజ్ ఏ మాత్రం తక్కువ కాదు, రంగు ఇంకా నిండుగా వస్తుంది, ఖర్చూ చాలా తక్కువ.

గాజు సంగతి వేరు. దాని కాఠిన్యం 5, 6 మధ్య. గాలిలో ఎగిరే దుమ్ములో ఉండే ఇసుక క్వార్ట్జ్, దాని కాఠిన్యం 7. దుమ్ము పట్టిన గాజు రాయిని కొంగుతో తుడిచినప్పుడల్లా గీతలు పడతాయి. కొన్నాళ్ళకి అంచులు మొద్దుబారి, మెరుపు తగ్గి, పాత సీసా ముక్కలా తయారవుతుంది. భూతద్దంలో గుండ్రటి గాలి బుడగలు, చక్కెర పాకంలా మెలితిరిగిన గీతలు కనిపిస్తే అది గాజే.

ఫ్యాక్టరీ స్పినెల్ గట్టిదే, 8 దాకా ఉంటుంది. కోబాల్ట్ వేసి నీలిరంగు తెప్పిస్తారు. "సింథటిక్ ఆక్వామెరైన్" పేరుతో చవకగా అమ్మేది చాలాసార్లు ఇదే. అసలు బెరిల్‌ని ఫ్యాక్టరీలో పెంచడం సాధ్యమే గాని అది అంత తరచుగా కనిపించదు. నీలి జిర్కాన్ అని ఇంకొకటి ఉంది, మెరుపు వజ్రానికి దగ్గరగా కొడుతుంది, చాలా బరువు. భూతద్దంలో పై నుంచి చూస్తే వెనక అంచులు రెండేసిగా కనిపిస్తాయి. ఒక్కసారి చూస్తే మరిచిపోరు.

జాతరల్లో, రైల్వే స్టేషన్ బయట దండలుగా అమ్మే "ఆక్వామెరైన్ పూసల"లో చాలావరకు రంగు పట్టించిన పగుళ్ళ క్వార్ట్జ్ ఉంటుంది. పూసని వెలుతురుకి పట్టి చూడండి. రంగు పగుళ్ళ గీతల్లో గాఢంగా, మిగతా చోట్ల పలచగా ఉంటే రంగు వేసిందే. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో ముంచిన దూదితో రుద్దితే దూదికి నీలి అంటుకోవచ్చు.

తూకంతో తేల్చే పద్ధతి

కంటితో ఆక్వామెరైన్‌నీ స్కై టోపాజ్‌నీ విడదీయడం అనుభవజ్ఞులకి కూడా కష్టమే. తూకం మాత్రం వాటిని ఇట్టే విడదీస్తుంది. అదే పరిమాణం నీటితో పోలిస్తే ఆక్వామెరైన్ 2.72 రెట్లు బరువు, టోపాజ్ 3.53 రెట్లు, స్పినెల్ 3.64, జిర్కాన్ 4.7 దాకా. అంటే ఒకే కొలతలో కోసిన రాళ్ళలో టోపాజ్ దాదాపు 30 శాతం ఎక్కువ తూగుతుంది. ఈ తేడా వల్ల రెండో సంగతి ఒకటి తేలుతుంది. రెండూ 5 క్యారెట్లయితే ఆక్వామెరైనే పెద్దగా కనిపిస్తుంది. క్యారెట్ ధర పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

రాయి ఇంకా పొదగకుండా విడిగా ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయగలం. మిల్లీగ్రాము దాకా, అంటే 0.001 గ్రాము చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కావాలి. ముందు రాయిని మామూలుగా తూచి రాసుకోండి. 5 క్యారెట్ల రాయైతే 1.000 గ్రాము చూపాలి, ఎందుకంటే ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాము. తరువాత చిన్న ప్లాస్టిక్ గిన్నెలో సగానికి పైగా నీళ్ళు పోసి కాటా మీద పెట్టి, అంకెని సున్నా చేయండి. రాయికి సన్నటి నైలాన్ దారం ఒక్క చుట్టు కట్టి, చేత్తో పట్టుకుని నీళ్ళలోకి దించండి. రాయి పూర్తిగా మునగాలి, అడుగుకీ పక్కలకీ తగలకూడదు. చెయ్యి వణికితే అంకె నిలవదు కాబట్టి పుస్తకాల దొంతర మీద ఒక పుల్ల అడ్డంగా పెట్టి దానికి దారం కట్టడం మేలు. అప్పుడు కాటా చూపే అంకె రాయి పక్కకి తోసిన నీటి బరువు. గాలిలో బరువుని ఆ అంకెతో భాగిస్తే చాలు.

1.000 గ్రాము రాయికి కాటా 0.368 దగ్గర చూపితే 2.72, అది ఆక్వామెరైన్‌కి సరిపోయే లెక్క. 0.283 దగ్గర చూపితే టోపాజ్. 0.275 అయితే స్పినెల్. 0.21 దగ్గరుంటే జిర్కాన్. గాజులో రకాలు చాలా కాబట్టి దాని అంకె అటూ ఇటూ తిరుగుతుంది, తేలిక గాజు తరచు 0.38 నుంచి 0.42 మధ్య చూపుతుంది.

లెక్క తప్పేది సాధారణంగా గాలి బుడగ వల్ల. దారం ముడి దగ్గర, రాయి అడుగు కోణాల్లో ఆవగింజంత బుడగ అంటుకున్నా అంకె పెరిగి రాయి తేలికైనదిగా కనిపిస్తుంది. నీళ్ళలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, రాయిని ముందుగా తడిపి, కుంచెతో బుడగలు తుడిచేయండి. ఫ్యాను ఆపండి, కిటికీ గాలి కూడా అంకెని కదుపుతుంది. 2 క్యారెట్ల లోపు రాళ్ళకి 0.01 గ్రాము కాటా పనికిరాదు. అప్పుడు ఆక్వామెరైన్‌కి 0.147, టోపాజ్‌కి 0.113 రావాలి, ఆ కాటా వాటిని 0.15, 0.11గా చూపిస్తుంది, చెయ్యి కదిలితే ఆ కాస్త తేడా కూడా పోతుంది. ఒకటి మరువకండి: స్ఫటికం, అంటే క్వార్ట్జ్, 2.65. అది ఆక్వామెరైన్‌కి మరీ దగ్గర. తూకం టోపాజ్‌నీ స్పినెల్‌నీ జిర్కాన్‌నీ పక్కకి తప్పిస్తుంది గాని, మిగిలింది బెరిల్ అని ముద్ర వేయదు. ఇంట్లో స్ఫటిక మాల ఉంటే విడిపూస ఒకటి ముందు తూచి చూసుకుంటే మీ చెయ్యి, మీ కాటా ఎంత సరిగ్గా ఉన్నాయో తెలుస్తుంది.

కొట్టులో ఇది చేయనిస్తారా? పాత నమ్మకమైన షావుకారు అయితే చేయనిస్తాడు. కాదంటే వారం రోజుల్లో వాపసు ఇచ్చే షరతు మీద తెచ్చుకుని ఇంట్లో చేయండి.

చలువ కళ్ళద్దంతో ఇంకో చూపు

ఆక్వామెరైన్‌ని ఒక దిశ నుంచి చూస్తే నీలి, ఇంకో దిశ నుంచి దాదాపు రంగులేనట్టు కనిపిస్తుంది. పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు ఇందుకు సరిపోతాయి. రాయిని కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని, అద్దాన్ని రాయికి దగ్గరగా పెట్టి పావు చుట్టు తిప్పండి. నీలి పలచబడి మళ్ళీ నిండితే మంచి గుర్తు. పై నుంచి తేడా కనిపించకపోతే పక్క నుంచి కూడా చూడాలి. గాజులో, స్పినెల్‌లో ఏ వైపు తిప్పినా రంగు మారదు. టోపాజ్‌లో మార్పు ఉన్నా బలహీనం. మరీ లేత రాయిలో మాత్రం ఈ తేడా కంటికి ఆనదు, అప్పుడు దీని మీద ఆధారపడకండి. కొట్టులో చెల్సీ ఫిల్టర్, అంటే రాళ్ళని పరీక్షించే రంగుటద్దం, ఉంటే అందులోంచి కూడా చూడమనండి. కోబాల్ట్ స్పినెల్ ఎర్రగా వెలుగుతుంది, ఆక్వామెరైన్ పచ్చనీలిగానే ఉంటుంది.

సాన పట్టేవాడి పనితనం కూడా ఈ గుణం మీదే ఆధారపడింది. బెరిల్ స్ఫటికం ఆరు పలకల పెన్సిల్‌లా నిలువుగా పెరుగుతుంది. నిండు నీలి కనిపించాలంటే పై పలకని ఆ పెన్సిల్ పొడవునా కోయాలి. ఆక్వామెరైన్‌లో పొడవాటి దీర్ఘచతురస్రపు కోత ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. అడ్డంగా కోస్తే బరువు మిగులుతుందేమో గాని రంగు పోతుంది.

రంగు, తేట, కోత

ధరలో పెద్ద వాటా రంగుదే. నిండుగా, తేటగా ఉన్న నీలి ఖరీదైనది. బ్రెజిల్‌లోని శాంటా మరియా గని పేరు మీద ఆ ముదురు నీలికి శాంటా మరియా అని పేరు పడింది. ఇప్పుడు ఎక్కడి రాయికైనా ఆ పేరు వాడుతున్నారు కాబట్టి పేరుకి డబ్బు కట్టవద్దు, కంటికి కనిపించే రంగుకే కట్టండి. 2 క్యారెట్ల లోపు రాయిలో గాఢమైన రంగు రావడం అరుదు. చిన్న రాయి లేతగా ఉందని నకిలీ అనుకోకండి. చిన్న రాయి నీలానికి పోటీ వచ్చేంత ముదురుగా, చవగ్గా దొరికితేనే అనుమానించాలి.

అలాంటి ముదురు వాటిలో మాషీషీ రకం బెరిల్ ఒకటి. 1917లో బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్‌లో బయటపడింది. కిరణాల వల్ల వచ్చిన ఆ నీలి ఎండకి వెలిసిపోతుంది. తరువాత ఇతర బెరిల్‌కి కిరణాలు తగిలించి అలాంటి రంగు తెప్పించినవీ వచ్చాయి. అనుమానముంటే రాయిలో సగాన్ని నల్లకాగితంతో కప్పి వారం పది రోజులు ఎండలో పెట్టండి, తెరిచి చూస్తే తెలుస్తుంది. ఈ పరీక్ష కూడా వాపసు షరతు ఉన్నప్పుడే.

కొట్టులో చల్లటి తెల్ల ఎల్‌ఈడీ కింద నీలి రాళ్ళన్నీ అందంగానే ఉంటాయి. పసుపు బల్బు కింద అవే రాళ్ళు బూడిదరంగుకి తిరుగుతాయి. గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, నేరుగా ఎండ తగలని నీడలో, తెల్లకాగితం మీద చూడండి. ఉదయం పది, పదకొండు మధ్య వెలుతురు సరిపోతుంది.

అదే కాగితం బదులు వార్తాపత్రిక మీద రాయిని బోర్లా కాకుండా పెట్టి, పై నుంచి చూడండి. నడిమధ్యలో అక్షరాలు చదవగలిగితే కోత పలచన, వెలుతురు తిరిగి కంటికి రాకుండా కిందికి జారిపోతోందన్నమాట. ఆక్వామెరైన్‌కి వక్రీభవన గుణకం, అంటే రాయి వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.58. ఆ లెక్కన అడుగు పలకల వాలు 40 డిగ్రీల కంటే తగ్గితే మధ్యలో కిటికీ తెరుచుకుంటుంది. రంగు లేతగా ఉన్న రాయికి ఇది మరీ నష్టం, ఉన్న కాస్త రంగూ నడిమధ్యలో కనిపించదు. వెడల్పు ఎక్కువగా కనిపించాలని పలచగా కోసిన రాళ్ళు మార్కెట్లో చాలా ఉన్నాయి. కిటికీ ఉన్న 4 క్యారెట్ల రాయి కన్నా కిటికీ లేని 3 క్యారెట్ల రాయి వేలి మీద ఎప్పుడూ ఎక్కువ వెలుగుతుంది.

తేటదనం విషయంలో ఆక్వామెరైన్ పచ్చకి పూర్తిగా ఎదురు. పచ్చలో పగుళ్ళు సహజం, వాటిని నూనెతో నింపుతారు. ఆక్వామెరైన్ మాత్రం సాధారణంగా కంటికి శుభ్రంగా ఉంటుంది, కాబట్టి కంటికి కనిపించే పగులున్న రాయి తీసుకోనక్కరలేదు. పదింతల భూతద్దంలో సన్నటి సమాంతర గొట్టాలు వానచినుకుల్లా కనిపిస్తే అది బెరిల్‌కి మంచి సాక్ష్యం. అవి దట్టంగా ఉంటే గుండ్రంగా సాన పట్టి పిల్లికన్ను మెరుపు రాబడతారు. పెద్ద స్ఫటికాలు కూడా ఈ ఖనిజంలో దొరుకుతాయి. 1910లో బ్రెజిల్‌లో సుమారు 110 కిలోల ఆక్వామెరైన్ స్ఫటికం దొరికింది. అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న డోమ్ పెద్రో అనే కోసిన ఆక్వామెరైన్ 10,363 క్యారెట్లు. అందువల్ల "ఇంత పెద్ద రాయి మళ్ళీ దొరకదు" అనే మాటకి తొందరపడకండి, మాణిక్యం విషయంలో అది నిజం కావచ్చు గాని ఇక్కడ కాదు.

ఒడిశా రాయని చెబితే

బలంగీర్, కలహండి, సంబల్‌పుర్ వైపు రత్నశిలల మేర ఉంది, అక్కడ ఆక్వామెరైన్ కూడా దొరుకుతుంది. మన పక్క జిల్లాల రాయి అంటే అభిమానం కలగడం న్యాయమే. కాని ఏ గనిదో రాయిని చూసి చెప్పడం కష్టం, నమ్మకంతో చెప్పిన మాటకి ధర కట్టలేం. ఇంకో చిన్న జాగ్రత్త: బిల్లులో జైపూర్ అని ఉంటే అది రాజస్థాన్‌లోని సాన పట్టే కేంద్రం, కోరాపుట్ జిల్లాలోని మన జయపురం కాదు. ఇక్కడి కొట్లలో కోసిన రాళ్ళు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే.

కట్టు ఎలా ఉండాలి

మన కంసాలి పనిలో రాయి అడుగున రేకు వేసి, లక్క నింపి, వెనక మూసేసే కట్టు ఉంది. కెంపులకీ పచ్చలకీ అది అందం. ఆక్వామెరైన్‌కి వద్దు. నీలి రేకు వేస్తే వెలవెలబోయిన రాయి కూడా ముదురుగా కనిపిస్తుంది, కొనేటప్పుడు మీరు చూసేది రేకు రంగు. ఇంకొకటి, చెమట, కొబ్బరినూనె, పసుపు నీళ్ళు అంచు సందులోంచి లోపలికి దిగి రేకు నల్లబడితే రాయి ఒక్కసారిగా మాడినట్టు అవుతుంది, రాయి తీస్తే తప్ప శుభ్రం కాదు. వెనక తెరిచి ఉన్న కట్టు అడగండి. జాతకం కోసం పెట్టుకునేవారికి రాయి చర్మానికి తగలాలి కాబట్టి అదే అవసరం.

రోజువారీ ఉంగరానికి చుట్టూ అంచు మూసిన కట్టు మంచిది. నాలుగు గోళ్ళతో పట్టిన కట్టు వెలుతురుని బాగా రానిస్తుంది, కాని పట్టు చీర జరీకి తగులుకుంటుంది. గోరు కొద్దిగా లేచిందంటే రాయి ఊడిపోతుంది. చెవి దగ్గర పెట్టి ఉంగరాన్ని కుదిపితే టకటకమంటే వెంటనే కంసాలికి ఇవ్వాలి. సైజు మార్చేటప్పుడు, అతుకు వేసేటప్పుడు రాయిని తప్పక తీయించండి. లోపల నీటి బొట్టున్న రాయి మంటకి పగులుతుంది, టోపాజ్ రంగు కూడా ఎక్కువ వేడికి పోతుంది.

లేత నీలికి వెండి బాగా నప్పుతుంది. కటక్ తారకాసి వెండి పనిలో ఈ రాయి పెట్టిన లాకెట్ చూడముచ్చటగా ఉంటుంది. తారకాసి తీగ సన్నం, దానితోనే రాయిని పట్టించకుండా విడిగా గట్టి గూడు కట్టించి తీగపని చుట్టూ చేయించాలి. ఉంగరానికి మాత్రం తారకాసి వద్దు, నలిగిపోతుంది.

కడగడానికి గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా సబ్బు, మెత్తని పళ్ళకుంచె చాలు. రాయి వెనక భాగమే బాగా తోమాలి, నూనె జిడ్డు చేరేది అక్కడే. కొట్టులో కంపనాల యంత్రంలో వేస్తామంటే టోపాజ్‌కి వద్దనండి. ఆక్వామెరైన్‌కి పగులు లేకపోతేనే వేయమనండి.

ఎవరికి ఏది

జన్మమాసం గుర్తుగా, పెళ్ళిరోజు కానుకగా ఇచ్చేవారికి రాయి పేరే ముఖ్యం, ఆక్వామెరైనే కొనాలి. బడ్జెట్ తక్కువైతే రాయి చిన్నది చేసుకోండి, రాయి రకం మార్చకండి. ఒక క్యారెట్ లేత రాయి వెండిలో కట్టించినా అర్థం నిలుస్తుంది. నీలి రంగు మీద మోజు, చీరకి జత కుదరాలన్న కోరిక ఉన్నవారికి స్విస్ లేదా స్కై టోపాజ్ దిద్దులు ఉత్తమం. ఇసుకలో, సిమెంటులో, పొలంలో పనిచేసే చేతికి ఆక్వామెరైన్ కూడా గీతలు తట్టుకుంటుంది గాని ఎత్తుగా లేచిన కట్టు దెబ్బలు తట్టుకోదు, లోతుగా దిగిన కట్టు కావాలి. చదువుకునే పిల్లలకి, పోయినా బాధలేని వాడకానికి స్పినెల్ చాలు, పేరు పెట్టి అడిగి కొనండి. డబ్బు దాచుకోవడానికైతే వీటిలో ఏదీ వద్దు. పాత బంగారం మార్చేటప్పుడు రాయి బరువు తీసేసి బంగారానికే లెక్క కడతారు.

బిల్లు దగ్గర

బంగారం నికర బరువు, రాయి బరువు వేరువేరు గీతల్లో రాయించండి. రెండూ కలిపి బంగారం ధరకి లెక్కగడితే 5 క్యారెట్ల రాయి దగ్గర ఒక గ్రాము బంగారం డబ్బు అదనంగా పోతుంది. హాల్‌మార్క్, దానితో వచ్చే ఆరు అక్షరాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ బంగారం స్వచ్ఛతకే హామీ, రాయికి కాదు. రాయి బరువు క్యారెట్లలోనే ఉండాలి. రత్తి లెక్క చెబితే ఏ రత్తో అడగండి, గురిగింజ రత్తి 0.12 గ్రాము దగ్గర, జ్యోతిష్య రాళ్ళకి వాడే పెద్ద రత్తి 0.18 గ్రాము దగ్గర. మధ్యలో తేడా సగానికి సగం.

నాలుగైదు వేలు దాటిన రాయికి ల్యాబ్ కాగితం అడగడం తప్పు కాదు. కాగితంలో "సహజ బెరిల్, రకం ఆక్వామెరైన్" అని ఉండాలి, బరువు, మిల్లీమీటర్లలో కొలతలు, ఫొటో ఉండాలి. వక్రీభవన గుణకం రాసి ఉంటే 1.577 నుంచి 1.583 దగ్గర కనిపించాలి. 1.61, 1.62 అని ఉంటే అది టోపాజ్ కాగితం. 1.728 అని ఉంటే ఫ్యాక్టరీ స్పినెల్. ఆ కొలతల్ని మీ చేతిలోని రాయితో స్కేలు పెట్టి సరిచూడండి, ఒక రాయి కాగితం ఇంకో రాయికి జతచేసే అవకాశం ఉంటుంది. కాగితం లేదంటే బిల్లు మీద "సహజ ఆక్వామెరైన్, పరీక్షలో కాదని తేలితే పూర్తి సొమ్ము వాపసు" అని రాయించి, తేదీ వేయించి, కొట్టు ముద్ర కొట్టించుకుని, ఆ తరువాతే డబ్బు లెక్కపెట్టండి.